విన్సెంట్ కోసం ఏడ్చినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

'డాక్టర్ హూ' ధారావాహిక అయిదో సీజన్‌లో పదో ఎపిసోడ్ పేరు 'విన్సెంట్ అండ్ ది డాక్టర్'. ఆ విన్సెంట్ ఎవరో కాదు, డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో. 2010 జూన్ 5న, ఒక శనివారం సాయంత్రం, బీబీసీ వన్‌లో మొదటిసారి ప్రసారమైంది. నిడివి ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూ. ఆ రోజుకు ఇంకా పుట్టని పిల్లలు కూడా ఇప్పుడు దాన్ని చూసి ముక్కు ఎగబీలుస్తూ వచ్చి, వెనకటివాళ్లు అడిగిన ప్రశ్నలే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గి, అన్నిటినీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కథ చివరిదాకా చెప్పేశాను కాబట్టి చూడనివాళ్లు ముందు చూసి రండి. ఇది ఎక్కడికీ పోదు.

'డాక్టర్ హూ' ఎప్పుడూ చూడలేదు. ఈ ఒక్కటీ చూస్తే అర్థమవుతుందా?

అవుతుంది. 1963లో మొదలైన ధారావాహిక కాబట్టి ఎక్కడ అందుకోవాలో తెలియక చాలామంది దూరంగా ఉండిపోతారు. దీనికి నాలుగు సంగతులు తెలిస్తే చాలు. డాక్టర్ మనిషిలా కనిపించే వేరే గ్రహవాసి, వయసు వందల ఏళ్లు. టార్డిస్ అనే నీలం పెట్టెలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరుగుతాడు. ఆ పెట్టె బయటికి ఒక మనిషి పట్టేంత, లోపల మాత్రం విశాలం. ఆయన వెంట తిరిగే ఎర్రజుట్టు అమ్మాయి ఎమీ పాండ్. నాలుగోదానిలో కాస్త మెలిక ఉంది. దీనికి ముందు ఎపిసోడ్‌లో, ఎమీని పెళ్లాడవలసిన రోరీ చనిపోయాడు. చనిపోవడమే కాదు, అసలు పుట్టనే లేదన్నట్టు కాలంలోంచి చెరిగిపోయాడు. ఎమీకి అతను గుర్తు లేడు, డాక్టర్‌కు గుర్తున్నాడు. అందుకే ఆమెను అందమైన చోట్లన్నీ తిప్పుతూ అతిమర్యాదగా ఉంటాడు. ఎందుకింత మంచితనం అని ఆమెకు అనుమానం కూడా వస్తుంది.

చూసి చాలా కాలమైంది. కథ ఒకసారి గుర్తు చేస్తారా?

పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో వాన్ గో చిత్రాలు చూస్తుంటే, 'ఓవేర్ చర్చి' బొమ్మలోని కిటికీలో ఒక వికృతమైన ముఖం డాక్టర్ కంటపడుతుంది. అదేమిటో తేల్చుకోవడానికి ఇద్దరూ 1890కి వెళతారు. అక్కడ విన్సెంట్ తన బొమ్మ తీసుకుని బదులుగా మద్యం పోయమని హోటల్‌వాడిని బతిమాలుకుంటూ ఉంటాడు. ఊరివాళ్ల లెక్కలో ఆయన పిచ్చివాడు. మనుషుల్ని చంపుతున్న జంతువు ఒకటి ఆ ఊళ్లో తిరుగుతోంది, అది విన్సెంట్ కళ్లకు తప్ప ఎవరికీ కనబడదు. ముగ్గురూ చర్చిలో దాన్ని ఎదుర్కొంటారు, అది చనిపోతుంది.

ఇక్కడితో ఆగితే ఎవరూ గుర్తు పెట్టుకోరు. వీడ్కోలు తీసుకోబోయి డాక్టర్ మనసు మార్చుకుంటాడు, విన్సెంట్‌ను టార్డిస్ ఎక్కించి 2010 నాటి అదే మ్యూజియంకు తీసుకువస్తాడు. గది నిండా తన బొమ్మలు, వాటి ముందు జనం. అక్కడి నిపుణుడైన డాక్టర్ బ్లాక్‌ను పిలిచి, చిత్రకళా చరిత్రలో వాన్ గో స్థానం ఏమిటో నూరు మాటల్లో చెప్పమంటాడు. ఆయన చెబుతాడు. వెనక నిలబడి విన్సెంట్ వింటాడు.

తర్వాత విన్సెంట్‌ను ఆయన కాలంలో దింపేస్తారు. ఇక ఆయన బతుకుతాడు, వందల బొమ్మలు కొత్తగా వేసి ఉంటాడు అనుకుంటూ ఎమీ మ్యూజియంలోకి పరుగెడుతుంది. కొత్తవి ఏవీ లేవు. 37 ఏళ్లకే తన ప్రాణం తానే తీసుకున్నాడన్న చరిత్ర చెక్కుచెదరలేదు. మారినవి రెండే: చర్చి కిటికీలో ముఖం లేదు, పొద్దుతిరుగుడు పూల బొమ్మలో కూజా మీద ఎమీ పేరున అంకితం ఉంది.

అందరూ ఒకే చోట ఏడుస్తారా?

మొదటిసారి దాదాపు అందరిదీ మ్యూజియం గదే. రెండోసారి చూసినవాళ్ల జవాబులు చెదిరిపోతాయి. కొందరికి విన్సెంట్ మంచం మీద ముడుచుకుని ఏడుస్తూ డాక్టర్‌ను బయటికి పొమ్మని అరిచే చోటు. కొందరికి ముగ్గురూ గడ్డి మీద పడుకుని ఆకాశం చూస్తుంటే, ఆ చీకటి మెల్లగా సుడులు తిరిగే నక్షత్రాల బొమ్మగా మారే చోటు. నాకైతే ఎమీ ఎందుకో తెలియకుండా కన్నీరు కార్చే చోటు. ఆమె మరిచిపోయిన మనిషి కోసం ఆమె కళ్లు ఏడుస్తున్నాయి. ఆ సంగతి కనిపెట్టినవాడు విన్సెంట్ ఒక్కడే. ఊరంతా పిచ్చివాడన్న మనిషి, కాలాలన్నీ తిరిగిన డాక్టర్ దాచిపెట్టినదాన్ని ఒక్క చూపుతో పట్టేశాడు.

మ్యూజియం సన్నివేశం సంతోషకరమైనదే కదా. అక్కడ ఏడుపెందుకు వస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. నా జవాబులో మూడు పొరలున్నాయి.

మొదటిది డాక్టర్ బ్లాక్ మాట్లాడే తీరు. ఆయనకు విన్సెంట్ అక్కడున్నట్టు తెలియదు. ఎదుట పొగిడితే ముఖస్తుతి కావచ్చు, జాలి కావచ్చు, మర్యాద కావచ్చు. చాటున విన్న మెప్పులో ఆ అనుమానానికి చోటు లేదు. జీవితమంతా తన మీద తనకే నమ్మకం లేని మనిషి చెవిన, కాదనడానికి వీలులేని మాటలు పడుతున్నాయి. బ్లాక్ పాత్ర వేసిన బిల్ నై ఆ మాటల్ని గొంతు పెంచకుండా, రోజూ చెప్పే సంగతి చెబుతున్నట్టు చెప్పేస్తాడు. ఆయన కూడా కరిగిపోతూ చెప్పి ఉంటే మనం ఇంత కరిగేవాళ్లం కాదు.

రెండోది మన బాకీ. ఆ గదిలో నిలబడి చూస్తున్న జనం ఎవరు? మనమే. వాన్ గో అనగానే ఎవరికైనా తోచేది ఒకటే: పాపం, ఆయనకు తెలియకుండానే పోయాడు. రచయిత రిచర్డ్ కర్టిస్‌కు ఈ కథ తట్టింది కూడా ఆ ఆలోచనలోంచే. ఎన్నో తరాలుగా మనసులో ఉండిపోయిన మాట, చెప్పవలసిన మనిషికి చేరిపోయింది. ఏడ్చేది విన్సెంట్ మాత్రమే కాదు, ఆ కబురు అందించలేక ఇన్నాళ్లూ ఊరుకున్న మనం కూడా.

మూడోది పండితులు చెప్పేది. ఆత్మీయత ఒక్కసారిగా ఉప్పొంగినప్పుడు కళ్లు చెమర్చి, గొంతు పట్టేసి, ఒళ్లు గగుర్పొడిచి, గుండెల్లో వెచ్చగా అనిపించే స్థితిని అలన్ ఫిస్క్ అనే మానవ శాస్త్రవేత్తా, ఆయన సహచరులూ ప్రత్యేకంగా పరిశీలించారు. దానికి సంస్కృతం నుంచి 'కామమూత' అని పేరు పెట్టారు. ప్రేమ వల్ల కదిలిపోవడం అని వాళ్ల ఉద్దేశం. తెలుగు చెవికి ఆ పేరు కాస్త ఇబ్బందిగా తగులుతుందని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. పేరు ఎలా ఉన్నా పట్టుకున్న సంగతి సరైనదే: దూరంగా నెట్టేసిన మనిషిని దగ్గరికి తీసుకునే క్షణంలో వచ్చే కన్నీరు వేరు, పోగొట్టుకున్నప్పుడు వచ్చేది వేరు. ఈ ఎపిసోడ్ పది నిమిషాల తేడాలో రెండింటినీ పెడుతుంది. చాలామంది మొదటిదాని తడి ఆరకముందే రెండోదానిలో పడతారు.

ఇంకో మాట. తన బతుకు బొమ్మల ముందు తానే నిలబడి కన్నీరు పెట్టుకోవడం కొత్త ఊహేమీ కాదు. భవభూతి 'ఉత్తరరామచరితం' మొదటి అంకంలో సీతారాములు తమ వనవాసాన్ని చిత్రించిన బొమ్మలు చూస్తూ కరిగిపోతారు. వాళ్లకు రాబోయే వియోగం తెలియదు, ప్రేక్షకులకు తెలుసు. ఓర్సే గదిలో విన్సెంట్‌కూ మనకూ మధ్య ఉన్న తేడా కూడా సరిగ్గా అదే.

అంత దూరం తీసుకువెళ్లి చూపించినా ఆయన ఎందుకు బతకలేదు? అభిమానుల మనసు విరిచేయడానికి కాకపోతే ఏమిటిది?

మొదటిసారి నాకూ కోపం వచ్చింది. మెప్పు అందింది, కన్నీళ్లు తుడిచారు, ఇక బతికించవచ్చు కదా అనిపించింది. అది మనసులో నలిగిన తర్వాత తెలిసిందేమిటంటే, బతికించి ఉంటే ఈ కథ పచ్చి అబద్ధం అయ్యేది. ఆయన బాధకు కారణం ఎవరూ మెచ్చుకోకపోవడం అని తేలేది. అప్పుడు జబ్బుపడిన ప్రతి మనిషి చుట్టూ ఉన్నవాళ్లూ దోషులయ్యేవాళ్లు: నువ్వు సరైన మాట సరైన సమయంలో చెప్పలేదు, చెప్పి ఉంటే బతికేవాడు అని.

ఎవరినైనా ఇలా పోగొట్టుకున్నవాళ్లు ఆ వాక్యాన్ని ఎన్ని రాత్రులు మోస్తారో నేను చెప్పనక్కరలేదు. ఆ రోజు ఫోను చేసి ఉంటే, ఇంకొక్క గంట కూర్చుని ఉంటే, ఎంత ఇష్టమో చెప్పి ఉంటే. ఈ ఎపిసోడ్ ఏం చేసిందో చూడండి. మనిషికి చెప్పగల అత్యుత్తమమైన మాటను, చెప్పగల అర్హత ఉన్న నోటితో, కాలాన్నే దాటించి చెప్పించింది. అయినా సరిపోలేదు. అంటే సరిపోయే మాట మన దగ్గర ఉండి దాచుకున్నది కాదు. జబ్బు జబ్బే, మెప్పు దానికి మందు కాదు. తమ్ముణ్ణో, స్నేహితురాలినో పోగొట్టుకున్నవాళ్లు ఈ ఎపిసోడ్ చూసి తేలికపడ్డామని అంటే మొదట్లో నాకు వింతగా ఉండేది. ఇప్పుడు లేదు.

మరి ఆ ఒక్క రోజు దండగేనా? ఎమీ అడిగేది అదే. డాక్టర్ జవాబు సారాంశం ఇది: బతుకులో మంచివన్నీ ఒక పోగు, చెడ్డవన్నీ ఒక పోగు. మంచివి చెడ్డవాటిని చెరిపేయలేవు. అలాగే చెడ్డవి కూడా మంచివాటిని పాడుచేయలేవు. మనం ఆయన మంచి పోగులో కొంత వేసి వచ్చాం. రెండో సగాన్ని చాలామంది మరిచిపోయి మొదటిదే గుర్తు పెట్టుకుంటారు. నాకు రెండోదే ముఖ్యం. విన్సెంట్ చివర ఎలా పోయాడన్నది, ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఆయన నవ్విన నవ్వును వెనక్కి తీసుకోలేదు.

నిజ జీవితంలో ఆయన్ను ఎవరూ మెచ్చుకోలేదా?

ఈ ప్రశ్నకు జవాబు తెలిసిన రోజు నాకు ఎపిసోడ్ మరింత నిజంగా తోచింది. 1890 జనవరిలో, అంటే పోవడానికి ఆరు నెలల ముందు, అల్బేర్ ఓరియే అనే యువ విమర్శకుడు పారిస్ పత్రికలో వాన్ గోను ఆకాశానికెత్తుతూ పెద్ద వ్యాసం రాశాడు. అదే సమయంలో బ్రసెల్స్ ప్రదర్శనలో 'ఎర్రని ద్రాక్షతోట' చిత్రాన్ని అన్నా బోక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకు కొన్నది. ఆయన బతికుండగా ఒక్క బొమ్మే అమ్ముడుపోయిందని చెప్పుకునేది దీని గురించే.

అంటే డాక్టర్ బ్లాక్ మాటల్లాంటివి ఆయనకు నిజంగానే అందాయి. ఏం జరిగింది? విన్సెంట్ ఓరియేకు కృతజ్ఞతలు రాస్తూ, ఈ పొగడ్త తనకన్నా గోగాం, మోంటిచెల్లి అనే చిత్రకారులకు చెందాలన్నాడు. కొన్ని నెలలకు తమ్ముడు తియోకు రాసిన ఉత్తరంలో, తన గురించి ఇక వ్యాసాలు రాయవద్దని ఓరియేకు చెప్పమన్నాడు. లోకం కళ్లలో పడటాన్ని తట్టుకునే స్థితిలో లేనని ఆయన బాధ. టీవీలో ఆనందంతో ఏడ్చిన మనిషి, నిజంలో ఆ మెప్పుకు ముడుచుకుపోయాడు. ఎపిసోడ్ చివర ఎమీ నేర్చుకున్న పాఠాన్ని చరిత్ర ముందే రాసి పెట్టింది.

ఓరియే తర్వాత అసలు పని చేసింది తియో భార్య జో. విన్సెంట్ పోయిన ఆరు నెలలకే, 1891 జనవరిలో, తియో కూడా చనిపోయాడు. అప్పటికి జో వయసు 28. చంకలో ఏడాది బిడ్డ, ఇంటి నిండా ఎవరికీ అక్కరలేని బొమ్మలు. ఆమె వాటిని ప్రదర్శనలకు పంపింది, ఆచితూచి అమ్మింది, అన్నదమ్ముల ఉత్తరాలను 1914లో అచ్చు వేయించింది. ఆ బిడ్డ పేరు కూడా విన్సెంటే. పెద్దవాడయ్యాక బొమ్మలను విడిపోకుండా కాపాడాడు, 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం తెరుచుకుంది. ఓర్సే సన్నివేశంలో ఆ జనం నిలబడటానికి కారణం ఎవరని అడిగితే, నీలం పెట్టె కన్నా ముందు నేను జో పేరే చెబుతాను. ఆమె మీద ఒక ఎపిసోడ్ తీయలేదన్న ఫిర్యాదు నాకింకా ఉంది.

చరిత్రతో ఎక్కడెక్కడ తేడా పడింది?

చాలాచోట్ల. కథ దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్స్‌లో జరుగుతుంది, చర్చి మాత్రం పారిస్‌కు ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఓవేర్‌లో ఉంది. విన్సెంట్ 1890 మేలో దక్షిణాన్ని వదిలి అక్కడికి వెళ్లాకే దాన్ని చిత్రించాడు. పొద్దుతిరుగుడు పూలు ఎమీ చెబితే వేసినట్టు చూపించారు. నిజానికి అవి 1888 ఆగస్టు నాటివి. సుడులు తిరిగే నక్షత్రాల రాత్రి 1889 జూన్‌లో, శాన్ రెమీ చికిత్సాలయంలో ఉన్నప్పుడు వేసింది. 1888 డిసెంబరులో ఆయన చెవి కోసుకున్నాడన్నది అందరికీ తెలిసిందే. ఎపిసోడ్‌లో రెండు చెవులూ చక్కగా ఉన్నాయి.

ఇవి నన్ను ఇబ్బంది పెట్టవు. ఎగిరే పెట్టెను నమ్మి, చెవి దగ్గర పట్టుపట్టడం న్యాయం కాదు. ఒక్క సంగతి మాత్రం బాగుంది: చెల్లెలు విల్‌కు రాసిన ఉత్తరంలో విన్సెంట్ ఆ చర్చి రంగులన్నీ వర్ణిస్తూ, ముదురు నీలి ఆకాశం ముందు అద్దాల కిటికీలు నీలి మరకల్లా ఉన్నాయని రాశాడు. రాక్షసిని పెట్టడానికి కర్టిస్ ఎంచుకున్నది ఆ కిటికీనే.

'వాన్ గో' అనాలా, 'వాన్ గాఫ్' అనాలా?

అమెరికాలో మొదటిది, ఎపిసోడ్‌లోని బ్రిటిష్ వాళ్ల నోట రెండోది, డచ్ నోట ఈ రెండూ కావు, గొంతు గీరుకునే 'ఖ'కారాలు. ఫ్రాన్సులో తన ఇంటిపేరు ఎవరూ పలకలేరనే ఆయన కేటలాగుల్లో 'విన్సెంట్' అని మాత్రమే వేయమన్నాడు. మనమూ అలాగే పిలిస్తే గొడవే లేదు.

ఆ రాక్షసి ఎందుకంత నాసిరకంగా ఉంది?

కోడికీ చిలకకూ మధ్య ఏదో పెద్ద పక్షిలా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఎక్కువసేపు కనబడకపోవడమే అదృష్టం. కానీ దాని పాత్రను తీసిపారేయకండి. క్రాఫేయిస్ అనే ఆ జంతువుకు చూపు లేదు, తోటి మంద దాన్ని వదిలేసి పోయింది. చచ్చిపోయే ముందు అది భయపడుతోందని విన్సెంట్ గ్రహిస్తాడు. భయంతోనే మీద పడిందనీ, ఊళ్లోవాళ్లు తనను తిట్టడం, పిల్లలు తన మీద రాళ్లు వేయడం కూడా అలాంటిదేననీ అంటాడు. తనను రాళ్లతో కొట్టినవాళ్లకు ఆయన ఇచ్చిన క్షమ అది, ఎవరూ అడక్కుండానే.

తనకొక్కడికే కనబడే రాక్షసి అంటే ఆయన జబ్బే అని చాలామంది అభిమానులు చదువుకుంటారు. నాకు సగమే నచ్చుతుంది. రాక్షసి చచ్చాక కూడా విన్సెంట్ బాధ పోలేదు కదా. బహుశా జబ్బును పొడిచి చంపడం కుదరదని చెప్పడానికే దాన్ని ముందే చంపేశారేమో.

మ్యూజియంలో వినిపించే పాట అవసరమా?

అథ్లీట్ అనే బ్రిటిష్ బృందం పాట అది. ఏడవండి అని భుజం తట్టి చెప్పినట్టుందని కొందరికి చికాకు. నాకూ మొదట అలాగే ఉండేది. ఇప్పుడు పాట రాగానే కళ్లు తడుస్తాయి, కాబట్టి నా విమర్శకు విలువ లేదు.

నాకు ఏడుపు రాలేదు. నాలో ఏదైనా లోపముందా?

లేదు. పక్కవాళ్లు ముందుగానే రుమాలు సిద్ధం చేసుకోమని చెప్పి ఉంటే అసలే రాదు.

కుంగుబాటుతో బాధపడుతున్నాను. ఇది చూడవచ్చా?

ఈ ఒక్క ప్రశ్నకు చమత్కారం లేకుండా జవాబు చెబుతాను. విన్సెంట్ కుంగిపోయే దృశ్యం ఉంది; తీవ్రంగా ఉంది. ఆత్మహత్య తెర మీద చూపించరు, కానీ దాని ప్రస్తావన చివర స్పష్టంగా వస్తుంది. బ్రిటన్‌లో ప్రసారమైన రోజు, ఇందులోని విషయాలు ఎవరినైనా కలవరపెడితే సంప్రదించడానికి బీబీసీ తన సహాయవాణి వివరాలు కూడా ఇచ్చింది. ఈమధ్య మీకు ప్రాణం మీద విరక్తి కలిగించే ఆలోచనలు వస్తుంటే దీన్ని పక్కన పెట్టి, ముందు వైద్యుడితోనో, సహాయవాణితోనో, నమ్మకమున్న ఒక మనిషితోనో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. విన్సెంట్‌కు ఆనాడు లేని మందులూ చికిత్సలూ ఈనాడు ఉన్నాయి. కథ ముగింపును మీకు అన్వయించుకోకండి. కాస్త కుదురుగా ఉన్న రోజుల్లో చూడాలనిపిస్తే, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చూడండి.

దిగులుగా ఉన్న స్నేహితుడికి ఆ సన్నివేశం పంపితే ధైర్యం వస్తుందా?

రావచ్చు, రాకపోవచ్చు. ఉద్దేశం మంచిదే. కానీ మ్యూజియం ముక్క ఒక్కటే కత్తిరించి పంపితే, చచ్చాక అందరూ గుర్తిస్తారులే అన్నట్టు కూడా వినిపించవచ్చు. ఓరియే వ్యాసం ఏం చేసిందో పైన చెప్పాను. అంతకన్నా విన్సెంట్ తలుపు ముందుకు పూలకుండీలన్నీ మోసుకువచ్చి కూర్చున్న ఎమీ నయం. ఆమె ఆయన్ను గొప్పవాడివని అనలేదు, పొద్దున్నే వచ్చి పక్కన ఉంది.

ఓర్సేకు వెళితే ఎపిసోడ్‌లోని చిత్రాలన్నీ కనబడతాయా?

ఆశలు తగ్గించుకుని వెళ్లండి. చర్చి బొమ్మ ఓర్సేదే, కిటికీలోకి తొంగిచూస్తున్న అభిమానిని అక్కడి కాపలావాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. రోన్ నది మీద నక్షత్రాల రాత్రి, ఆర్ల్‌లోని పడకగది చిత్రాల్లో ఒకటి, 1889 నాటి స్వీయచిత్రం కూడా ఆ మ్యూజియంవే. సుడుల నక్షత్రాల రాత్రి మాత్రం న్యూయార్క్‌లో ఉంది. కూజాలోని పొద్దుతిరుగుడు పూలు లండన్, మ్యూనిక్, ఆమ్‌స్టర్‌డామ్, టోక్యో, ఫిలడెల్ఫియాల మధ్య చెదిరి ఉన్నాయి. ఎమీ పేరు వేటి మీదా లేదు, వెతకవద్దు.

ఇంకో చేదు నిజం: తెర మీద మీరు చూసిన గదులు పారిస్‌వి కావు, వేల్స్‌లోని కార్డిఫ్ జాతీయ మ్యూజియంవి. ప్రోవాన్స్ వీధులేమో క్రొయేషియాలోని త్రోగిర్‌వి.

ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?

'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష ధారావాహికల్లో రెండు. 1992 జూన్ 1న వచ్చిన 'ది ఇన్నర్ లైట్'లో కెప్టెన్ పికార్డ్ పాతిక నిమిషాల స్పృహ తప్పిన వేళలో, ఎప్పుడో అంతరించిన గ్రహం మీద నలభై ఏళ్ల సంసారం చేసి, చేతిలో ఒక పిల్లనగ్రోవితో మిగిలిపోతాడు. 1995 నాటి 'ది విజిటర్'లో ఒక కొడుకు తండ్రి కోసం జీవితమంతా ఎదురుచూస్తాడు. రెండూ ఒకే రోజు చూడవద్దు. నేను చూశాను.

చివరలో డాక్టర్ బ్లాక్ ఆయన్ను గుర్తుపట్టాడా?

మళ్లీ మళ్లీ చూసేవాళ్లు మాత్రమే అడిగే ప్రశ్న ఇది. విన్సెంట్ కన్నీళ్లతో ఆయన్ను కౌగిలించుకుని, రెండు బుగ్గల మీద ముద్దు పెట్టి, క్షమించమని చెప్పి వెళ్లిపోతాడు. బ్లాక్ రెండడుగులు వేసి ఆగుతాడు. వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ గడ్డాన్ని, ఆ కళ్లను ఆయన గోడ మీద ఎన్నేళ్లుగా చూస్తున్నాడో. ముఖంలో ఏదో కదులుతుంది, తర్వాత తల విదిలించుకుంటాడు.

గుర్తుపట్టాడనే నా పందెం. అయినా వెంటపడి ఆపడు. ఆపితే మాత్రం ఏమని అడుగుతాడు?